కలుపు లేని చేను

ఎంగిలిపూల బతుకమ్మ నాడు కట్టమ్మ గంప పట్టుకుని పత్తి చేనంతా తిరిగింది. బతుకమ్మ పేర్చడానికి, ఏటా చేలో కలుపుగా మొలిచే గునుగు పువ్వు ఒక్కటీ దొరకలేదు. పక్క చేలల్లోనూ లేదు.

"గడ్డిమందుకు చావని పత్తి పెట్టిన. ఇంకేది బతకలే. చేను అద్దం లెక్క ఉన్నది సూడు," అన్నాడు భర్త యాకయ్య గొప్పగా.

"బతుకమ్మను అద్దంతోని పేరుస్తరా?"

యాకయ్య బండి తీసి, వరంగల్‌లో ఆ విత్తనం కొన్న దుకాణానికి పోయాడు.

"సేటూ, గడ్డిమందుకు చావని గునుగు విత్తనం ఉన్నదా?"

సేటు నవ్వలేదు. పుస్తకం తెరిచి పెన్ను చేతికిచ్చాడు.

"వస్తే ఫోన్ చేస్త, పేరు రాసిపో. పద్నాలుగో నంబర్ నీది. ఒకటో నంబర్ మా ఇంటామెది."