డాక్టరమ్మ వద్దంటే చాలు

"నేనూ వస్తానే," అంది అరుణమ్మ.

లత ఫోన్ లోంచి తలెత్తింది. ఆఫ్రికాలో లివింగ్‌స్టన్ అనే ఊరికి టికెట్లు చూస్తోంది. విక్టోరియా జలపాతం పక్కనున్న సఫారీ ఊరు. తను, భర్త గోపీకృష్ణ, పాలిటెక్నిక్ చదువుతున్న కూతురు సుస్మిత. మూడు టికెట్లు. ఏప్రిల్‌లో పది రోజులు. తల్లిని కూడా తీసుకెళ్ళొచ్చన్న ఆలోచన ఆమెకు రానేలేదు.

"నువ్వెక్కడికమ్మా? అది అడవి. సింహాలుంటాయి, మొసళ్ళుంటాయి."

"ఉంటే ఉండనీ. మనకోసం కాసుకుని కూర్చోవులే. ఏప్రిల్‌లో మాత్రం వద్దు. అప్పుడు నీళ్ళు జాస్తి. తుంపర లేచి ఎదురుగా ఉన్నది కూడా కనబడదు. ఆగస్టు ఆఖర్లో పోదాం."

గోపీకృష్ణ వెంటనే ల్యాప్‌టాప్‌లో వెతికాడు. "అత్తయ్య చెప్పింది కరెక్టే లతా. ఏప్రిల్ అంతా తుంపరే అంట."

"రోజంతా యూట్యూబ్ చూస్తే మనకీ తెలుస్తాయి," అంది లత.

అరుణమ్మకు అరవై ఎనిమిది. మలేసియాలో పుట్టి, పెళ్ళయ్యాక సింగపూర్ వచ్చింది. ఆంగ్ మో కియోలోని ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళు పని చేసింది. భర్త పోయి నాలుగేళ్ళయింది. కిందటేడు చేపల మార్కెట్లో తడి నేల మీద జారి పడింది. ఎముకలేమీ విరగలేదు గానీ, ఆ రోజు ఆఫీసుకు ఫోనొచ్చినప్పటి వణుకు లతను ఇంకా వదల్లేదు. అప్పటినుంచి తల్లిని ఒంటరిగా బస్సు కూడా ఎక్కనివ్వడం లేదు. అలాంటిది ఆఫ్రికానా!

వారం రోజులు ఇంట్లో ఇదే గొడవ.

"నిన్ను జూకి తీసుకెళ్తానమ్మా. అక్కడా సింహాలే. ఎయిర్‌పోర్టు మాల్‌లో అంత పెద్ద జలపాతం ఉంది. అది చూసి, అక్కడే ఏదైనా మకాన్ తినేసి వద్దాం."

"అలామా, ఇదెక్కడి మాటే! అది మోటారు పెట్టి పోసే నీళ్ళు కదే."

సుస్మిత పగలబడి నవ్వింది. "అమ్మమ్మ కెన్ వన్ లా! బాగానే రాగలదు. లెట్ హర్ కమ్."

"నువ్వు నోర్ముయ్," అంది లత.

కాదని చెప్పి చెప్పి ఆమెకే విసుగొచ్చింది. ప్రతిసారీ తల్లి మొహం చిన్నబోవడం చూడలేకపోతోంది. అలాగని సరేనని చెప్పే ధైర్యమూ లేదు. సరిగ్గా అప్పుడే ట్రావెల్ ఏజెంట్ ఒక మాట చెప్పాడు. దారిలో నైరోబీలో ఒకరోజు ఆగాలి కాబట్టి అందరూ ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి. అరవై దాటినవాళ్ళకు మొదటిసారి ఆ టీకా వేయడానికి డాక్టర్లు వెనకాడతారు.

లతకు ప్రాణం లేచొచ్చింది. ఇక కాదనే పని తనది కాదు. డాక్టరమ్మ వద్దంటే చాలు.

"సరేనమ్మా. డాక్టరమ్మ ఒప్పుకుంటే ఆగస్టుకే నాలుగు టికెట్లు తీస్తాను. ఒప్పుకోకపోతే మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు. ఇష్టమేనా?"

"ఇష్టమే," అంది అరుణమ్మ వెంటనే.

అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి లతకు లోపల ఏదో గుచ్చుకుంది. పాపం, ఈ టీకా సంగతి అమ్మకు తెలియదు.

శనివారం పొద్దున ఇద్దరూ క్లినిక్‌కి బయల్దేరారు. అరుణమ్మ మంచి చీర కట్టుకుంది. భుజానికి చేతిసంచి తగిలించుకుంది. ట్రైన్‌లో కూర్చున్న దగ్గర్నుంచి ఆవిడ మాటలకు అడ్డూ అదుపూ లేదు.

"హోటల్లో కిటికీ తలుపులు మూసి పెట్టుకోవాలే. కోతులు దూరి పళ్ళన్నీ ఎత్తుకుపోతాయి. నీళ్ళ దగ్గరికి పోయేప్పుడు జారని చెప్పులు వేసుకో. రెయిన్‌కోటు ఇక్కడ కొనకు, అక్కడే అద్దెకిస్తారు."

లత కిటికీ వైపు తిరిగింది. కళ్ళు చెమర్చాయి. అమ్మ ఎలాగూ రాలేదు, ఆ సంగతి తెలియక మా గురించి బెంగపడుతోంది అనుకుంది. వచ్చేటప్పుడు అమ్మకు అక్కణ్ణుంచి ఏదైనా మంచిది తేవాలని, రోజూ వీడియో కాల్ చేసి అన్నీ చూపించాలని గట్టిగా నిశ్చయించుకుంది.

డాక్టరమ్మ చైనీసావిడ. నెమ్మదైన మనిషి. కాగితాలు చూసి, అద్దాలు సర్దుకుంది.

"ఆంటీకి అరవై ఎనిమిది కదా. ఈ వయసులో మొదటిసారి ఈ టీకా వేయడానికి నేను సిద్ధంగా లేను. సైడ్ ఎఫెక్ట్స్ రావచ్చు. సారీ."

లత గుండెల మీంచి బరువు దిగింది. అది బయటికి కనపడకుండా మొహం వీలైనంత దిగులుగా పెట్టుకుని తల్లి చెయ్యి పట్టుకుంది.

"విన్నావుగా అమ్మా. నేను రమ్మందామనే అనుకున్నాను. డాక్టరే వద్దంటే నేనేం చేయను చెప్పు?"

అరుణమ్మ చెయ్యి విడిపించుకుంది. నింపాదిగా చేతిసంచి తెరిచి, ఒక చిన్న పసుపుపచ్చ పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

డాక్టరమ్మ పేజీ తిప్పింది. స్టాంపు చూసింది. తేదీ చూసింది. మొహం విప్పారింది.

"అరె, ఆంటీ పదేళ్ళ కిందటే వేయించుకున్నారే! ఇది జీవితాంతం చెల్లుతుంది. ఇక సూది అవసరమే లేదు. హాయిగా వెళ్ళి రండి."

లత ఆ పుస్తకం అందుకుంది. పేరు తల్లిదే. తిప్పి చూసింది, మళ్ళీ చూసింది.

అరుణమ్మ పుస్తకాన్ని సుతారంగా కూతురి చేతిలోంచి తీసుకుని, సంచిలో వేసుకుంటూ అంది:

"పోయినసారి మీ నాన్నా నేనూ తిరుపతి పోతున్నామని మీకు చెప్పి ఆ జలపాతం చూసొచ్చాం, ఈసారైనా నిజం చెప్పి పోదామంటే నువ్వు పోనిస్తేనా!"