కుక్కపిల్లకు జోలపాట

నా భార్య సుగుణమ్మ కోస్గి అంగడి నుంచి కొంగులో చుట్టి కుక్కపిల్లను తెచ్చింది. నన్నొక్క మాటైనా అడగలేదు. రాత్రి బుడ్డిదీపం ఆర్పగానే అది తల్లి కోసం ఏడుపు అందుకుంది.

"ఒక్క గడియల పండవెడ్త చూడు," అన్నాను ఆమెతో.

పాలు పోశాను. తాగి, కొత్త బలంతో ఏడ్చింది. గంపలో గొంగడి పరిచి పెడితే, గంపను బోర్లా తోసి బయటికొచ్చింది. గొంతు పెంచి గద్దించాను. వీధిలో కుక్కలన్నీ లేచి నాకు బదులు చెప్పాయి.

పక్కింటాయన గోడ అవతల నుంచి, "అన్నా, జర నువ్వన్న ఊకో. కుక్కపిల్లను ఎట్లన్న ఓర్సుకుంటం," అన్నాడు.

ఇక పరువు సంగతి వదిలేసి, నేల మీద దాని పక్కనే పడుకున్నాను. వీపు నిమురుతూ, సగం మాటలు రాని జోలపాట ఒకటి ఎత్తుకున్నాను. అది నా చంకలో ముక్కు దూర్చి ఊరుకుంది.

కళ్లు తెరిచేసరికి మూలనున్న నా మగ్గం మీద ఎండ పడుతోంది. సుగుణమ్మ పొయ్యి దగ్గర జొన్నరొట్టె చేస్తోంది.

"మంచిగ నిద్ర పట్టిందా?" అని అడిగింది.

"నేను పాడితే పట్టకుంటదా? తెల్లారేదాక కదల్లే," అన్నాను గొప్పగా.

"నేనడిగింది కుక్కపిల్ల సంగతి గాదు," అంది ఆమె, రొట్టె తిప్పుతూ. "మీ అమ్మ పోయినప్పటి సంది నువ్వు కన్ను మూస్తలేవు. దాన్ని పండవెట్టుకుంట నువ్వన్న పండుతవని తెచ్చిన."