ఖలీల్ కాలికట్టు

“మూడేండ్లు ఆడినోని ఫొటో గోడకెక్కిస్తే, రేపు బంతులు ఏరినోళ్ళు గూడా మా ఫొటో యాడ అని అడుగుతారు,” అన్నాడు నాగేష్.

ఆదోని హాకీ క్లబ్బు గదిలో ఒక గోడ ఉంది. క్లబ్బుకు పేరు తెచ్చిన ఆటగాళ్ళ ఫొటోలు తగిలించేది దానికే. ఇప్పటికి తొమ్మిది ఉన్నాయి. పదోది ఖలీల్‌ది కావాలని అధ్యక్షుడు గఫూర్ సాబ్ పట్టు. కుదరదని కార్యదర్శి నాగేష్ పట్టు.

నాగేష్ రైల్వేలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ముప్పై నాలుగేళ్ళు ఎక్కినవాణ్ణల్లా దొంగలాగే చూశాడు. ఇప్పుడు రైలు లేదు గానీ చూపు అదే. కాఫీలో చక్కెర వేశానని భార్య చెప్పినా స్పూనుతో అడుగు దేవి చూస్తాడు.

గఫూర్ సాబ్ లెక్క చెప్పాడు. మూడేళ్ళలో ఖలీల్ కొట్టినవి నలభై ఒక్క గోల్స్. ఎమ్మిగనూరులో జరిగిన ఫైనల్లో కాలు విరిగింది కాబట్టి ఆట అక్కడితో ఆగింది. గోడ మీదున్న తొమ్మిది మందిలో ముగ్గురు పదేళ్ళు ఆడి కూడా పది గోల్స్ కొట్టలేదు. ఆ ముగ్గురూ ఎవరో ఆయన చెప్పలేదు. మర్యాదస్తుడు.

నాగేష్ గొడవ మూడేళ్ళ గురించి కాదు. కాలు విరిగిందన్న మాటే అతనికి గొంతు దిగలేదు.

“కాలు ఇరిగినోడు ముప్పై ఏండ్లు మార్కెట్ యార్డులో పత్తి మూటలు ఎట్ల మోసినాడు సాబ్? ఒగ దినమన్నా కుంటినాడా? ఆ ఫైనల్ ఒగే గోలుతో పోయింది. అవతలోళ్ళతో కలిసినాడు వాడు.”

“నీకు శక్ జాస్తి నాగేషూ, అన్నిటికీ అనుమానమే,” అన్నాడు గఫూర్ సాబ్. “ఆ మాట ఎవురన్నా అనొచ్చు. నువ్వు అనగూడదప్పా.”

నాగేష్ వినలేదు. గోడకు పెట్టాలని తెచ్చిన ఫొటోను చేతిలోకి తీసుకున్నాడు. ఫైనల్ అయిన వారానికి తీసింది. ఖలీల్ కుర్చీలో కూర్చుని, కాలు బల్ల మీదికి చాపి నవ్వుతున్నాడు. మోకాలి కింద కట్టు. నాగేష్ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

ఎముక విరిగితే ఈ వైపు నాటు వైద్యులు చుట్టూ వెదురు బద్దలు పెట్టి కడతారు. ఈ కట్టులో బద్దల్లేవు. ఉత్త గుడ్డ.

టికెట్ లేని మనిషి దొరికినంత సంబరమైంది.

ఫొటో పెట్టేది ఆదివారం. ఈలోగా సంగతి తేలుస్తానని, అబద్ధమైతే ఖలీల్‌ను క్లబ్బు గడప తొక్కనివ్వకూడదని నాగేష్ అందర్నీ ఒప్పించాడు. గఫూర్ సాబ్ కూడా మెత్తబడ్డాడు. అమ్ముడుపోయిన ఆటగాడని పేరు పడితే ఖలీల్ ఆదోనిలో తలెత్తుకుని తిరగలేడు. ఈ రభస తెలిసి ఖలీల్, నా ఫొటో ఎందుకులే, వదిలేయండి అన్నాడట. నాగేష్‌కు అదీ అనుమానమే. ఏ తప్పూ చేయనివాడు వద్దంటాడా?

శుక్రవారం ఎమ్మిగనూరు బస్సెక్కాడు. కండక్టరు ఇచ్చిన టికెట్‌ను అలవాటుగా అటూ ఇటూ తిప్పి చూశాడు.

ఆ రోజు ఖలీల్‌కు కట్టు కట్టింది ఎల్లప్ప. మగ్గం నేస్తూనే ఎముకలు కట్టేవాడు. ఇప్పుడు తొంభైకి దగ్గర. కళ్ళు పోయాయి, చెవులు మాత్రం పాము చెవులు. వాకిట్లో మంచం మీద కూర్చుని, లోపల కొడుకు నేస్తున్న మగ్గం చప్పుడు వింటూ పోగు ఎక్కడ తెగిందో ఇక్కణ్ణించే చెబుతున్నాడు.

నాగేష్ తానెవరో చెప్పలేదు. టికెట్ అడిగేవాడు పేరు చెప్పుకోడు కదా. సూటిగా సంగతిలోకి దిగాడు.

“పెద్దాయనా, ఖలీల్ కాలు నిజంగా ఇరిగిందా?”

ఎల్లప్ప బోసినోటితో నవ్వాడు.

“ఇరగల్యా. గీత గూడా పడల్యా.”

నాగేష్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మరి కట్టు ఎందుకు కట్టావని గద్దించాడు.

“కట్టమని నా కాళ్ళు పట్టుకున్నాడప్పా. ఆ పొద్దు ఉద్యోగాలకి ఆటగాళ్ళను ఏరుకునేటోళ్ళు వచ్చిండారు. ఆదోని నుంచి ఒగన్నే తీసుకుంటారంట. ఖలీల్ ఆడుతాంటే ఇంగొగని దిక్కు ఎవురు చూస్తారు? సుంకమ్మ కొడుకని ఒగడు, ఎప్పుడూ బయటే కూచోనుండె. ఆయమ్మ కలుపులకి పోయి వాన్ని ఆడిస్తాండె. ఆ ఏడు దాటితే వానికి వయసు అయిపోతాదంట. ‘నాకింకా రెండేండ్లుంది, ఈసారి వాన్ని దిగనీ’ అన్నాడు ఖలీల్.”

దిగినవాడు బాగా ఆడాడట. ఉద్యోగమూ వచ్చిందట.

నాగేష్ ఈసారి గద్దించకుండా ఇంకో ప్రశ్న వేశాడు. ఆ తర్వాతైనా ఖలీల్ ఎందుకు ఆడలేదు?

“పిచ్చి నాయన. తన కాలు బాగుందని తెలిస్తే, మోసం చేసినారని ఆ పిల్లోని ఉద్యోగం పీకేస్తారనుకున్నాడు. మల్లా స్టిక్కు ముట్టల్యా. మూటలు మోసుకుంటా బతికినాడు. సుంకమ్మ కొడుక్కి మాత్రం తెలీగూడదని నాతో ఒట్టు ఏయించుకున్నాడు. ఇన్నేండ్లు కడుపులో పెట్టుకుంటి. నేను పోయేలోపల ఎవురికన్నా సెప్పాలనుండె, నువ్వొస్తివి.”

ఎల్లప్ప చెయ్యి చాచి, ఎదుటి మనిషి భుజం తడిమి చూశాడు.

“ఇంతకీ నువ్వు ఎవురి కొడుకువప్పా?”

“సుంకమ్మ కొడుకును,” అన్నాడు నాగేష్.