మూసిన కళ్ళు

కుట్టు షెడ్డులో భోజనం గంట కొట్టారు. వేరే ఊరి నుంచి వచ్చి నెల కూడా కాని కొత్తమ్మాయి, మూలబల్ల దగ్గర డబ్బా మూత తీసి, ప్రార్థనకి కళ్ళు మూసుకుంది.

ఎదురుగా కూర్చున్న బొత్తాలకి కాజాలు కుట్టే మిషనావిడకి ఒళ్ళు మండింది. ఈ ప్రార్థన రోజురోజుకీ పొడుగవుతోంది.

“వచ్చిందండీ మహా భక్తురాలు!” అని పళ్ళు నూరి, ఎప్పట్లాగే ఆ డబ్బాలోంచి గుప్పెడు అన్నం, కూర లాగేసింది. తన డబ్బా మూత చాటున గబగబా నోట్లో కుక్కుకుంది. ఈ పిల్ల ఒక్కసారి గొడవపడితే తెలుస్తుంది, భక్తి ఏపాటిదో! కానీ ఏనాడూ నోరెత్తదే!

ఇవాళ ఇక ఆగలేకపోయింది. “ఏమ్మా, మీ ఊళ్ళో కూడా ఇంతసేపు చేసేదానివా? ఇక్కడికొచ్చాక మీ దేవుడికి చెవుడొచ్చిందా?”

కొత్తమ్మాయి కళ్ళు తెరవలేదు. గొంతు మాత్రం తగ్గించింది.

“ప్రార్థన ఎప్పుడో అయిపోయిందక్కా. మీ డబ్బా రోజూ ఖాళీగానే వస్తోంది కదా. మీరు తినేదాకా ఇలా ఉంటున్నా.”

కాజాలావిడ మొహం మాడిపోయింది. తన ఖాళీ డబ్బా మూత ఠపీమని మూసి చుట్టూ చూసింది. ఎవరూ వినలేదు.

“కూరలో ఉప్పు చాలడం లేదు,” అని కసిరి, మళ్ళీ చెయ్యి చాపింది.