స్ప్రింగు కొక్కేలు

స్ప్రింగుకు చుట్టిన గొలుసు మళ్లీ జారింది. స్ప్రింగు ఎగిరి గోడకు కొట్టుకుంది. భద్రయ్య సమయానికి తల తప్పించబట్టి బతికాడు.

అతనికి భయం కూడా వేయలేదు. పొద్దున్నే అంత అలిసిపోయాడు.

పోలీసు యాక్షన్ జరిగి మూడు నెలలైంది. అంతకుముందు రజాకార్ల గొడవల్లో, ప్రాణాలు అరచేత పట్టుకుని బెజవాడ పోయాడు. ఎనిమిది నెలలకు సికింద్రాబాద్ తిరిగొచ్చి తన మోటారు షెడ్డు తెరిచాడు. సామానంతా ఎక్కడిదక్కడే ఉంది. కారు స్ప్రింగును అదిమిపట్టే బిగింపు ఒక్కటే లేదు. పోతే పోతే అదే పోవాలా!

డాక్టరుగారి కారు తొలి బేరం. సాయంత్రానికి బాగు కాకపోతే వేరే షెడ్డుకు పంపిస్తానన్నారు. ఇదీ చేజారితే షెడ్డు మూసుకోవడమే.

"మేస్త్రీ సాబ్!"

గుమ్మంలో మాసిన లాల్చీతో ఒక నడివయసు మనిషి. గోనెసంచిలోంచి రెండు మరల కడ్డీలు, వాటికి తగిలించిన కొక్కేలు తీసి నేలమీద పెట్టాడు. ఆకురాయి గీతలు ఇంకా తెల్లగా మెరుస్తున్నాయి.

భద్రయ్య వంగి చూశాడు. అచ్చం తన బిగింపు కొలతే.

"యాడ దొరికింది నీకు?"

"నేనే చేసిన సాబ్. కొక్కేలు కాల్చి నీళ్లల్ల ముంచలే, బూడిదల సల్లార్చిన. బరువు పడితే వంగుతయి గని, పుటుక్కున విరగవు."

"కొలత ఎవరిచ్చిండ్రు?"

"మీ గోడకు అది ఏలాడిన కాడ మసిల దాని మచ్చ ఉంది గద. అది జూసి చేసిన."

"తాళమేసిన షెడ్డుల గోడ నువ్వెప్పుడు జూసినవ్?"

ఆ మనిషి కొక్కేలను కాస్త ముందుకు జరిపాడు.

"అసలుది అమ్ముకుతిని నకలు తెచ్చినవా? నడువ్! మళ్ల కనబడితే మిలిట్రోళ్లకు పట్టిస్త."

భద్రయ్య ఇంకా నోటికొచ్చినవన్నీ అన్నాడు. ఎనిమిది నెలల కడుపుమంటనంతా ఆ ఒక్కడి మీద కక్కేశాడు.

"మాఫ్ చెయ్యి సాబ్" అని మాత్రం అని, ఖాళీ సంచి మడుచుకుని వెళ్లిపోయాడు ఆ మనిషి.

దొంగ చేసినవని భద్రయ్య చాలాసేపు వాటిని ముట్టుకోలేదు. పొద్దు వాలుతుంటే గతిలేక తగిలించాడు. స్ప్రింగు బుద్ధిగా ముడుచుకుంది. చీకటి పడకముందే కారు కదిలింది.

ఎదురు దుకాణం దర్జీ ప్రభుదాస్ వచ్చాడు.

"కారు అయినట్టుందే! జాన్ సాహెబ్ వచ్చిండా?"

"ఎవడు, కొక్కేల దొంగనా? తరిమేసిన."

ప్రభుదాస్ నెత్తి కొట్టుకున్నాడు.

"ఎంత పని చేస్తివి భద్రన్నా! నువ్వు లేని ఎనిమిది నెలలు నీ షెడ్డు ముంగట పండుకున్నది ఆయనే. తాళం పగలగొట్టినోళ్లు ఆయన తల పగలగొట్టినా పక్కకు జరగలే. తాళం బాగుచేయించి మళ్ల ఏసింది సుత ఆయనే. గా ఒక్క సామానే పోయింది. అది చేసిచ్చేదాక నీకు మొకం చూపియ్యనన్నడు. నన్ను సుత చెప్పొద్దన్నడు."

"ఇప్పుడు యాడున్నడు?"

"నీకిది ఇచ్చి మధ్యాహ్నం బండికి పర్భణీల తనోళ్ల కాడికి పోతనన్నడు. ఇగ రాడు."

భద్రయ్య సిగ్గుతో చితికిపోయాడు.

"ఆయనను కావలుండమన్నది ఎవరు?"

"నువ్వే అన్నా. స్టేషనుకు ఉరుకుతా ఉరుకుతా, హోటలు ముంగట ఛాయ్ తాగుతున్న మనిషితోని 'జెర నా షెడ్డు దిక్కు జూస్తుండు భాయ్' అని పోతివి గద, గాయనే."