బెలూన్ పీకేసిన మనిషి

"ఇంకెంతసేపు మేడమ్?" అన్నాడతను, అయిదోసారి.

ఆసుపత్రి సర్వర్ గదిలో కొత్తగా చేరిన ఇన్‌ఛార్జికి ఒళ్ళు మండింది. కానీ అతని బాధ అతనిది. పైన థియేటర్లో అతని చెల్లెలు బల్ల మీద ఉంది. స్కాన్ బొమ్మలు తెర మీదికి వస్తే తప్ప కత్తి పట్టనని సర్జన్ కూర్చున్నాడు. అవేమో నత్తనడక నడుస్తున్నాయి. కింద అడగమని ఎవరో చెబితే ఇతను దిగొచ్చి, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అంత పెద్ద సర్జన్ అపాయింట్‌మెంటు ఇవాళ పొద్దున ఆన్‌లైన్లో అందరికంటే ముందు పట్టానని ఇందాక గొప్పలు కూడా పోయాడు.

అతని నోరు మూయించడానికే, కీబోర్డు మీద వేళ్ళు ఆపకుండా ఆమె విషయం చెప్పింది. ఉన్నది ఒక్కటే పెద్ద మిషను. స్కాన్లకీ, మందులకీ, అపాయింట్‌మెంట్లకీ ఆరు ఉత్తుత్తి కంప్యూటర్లు అందులోనే కాపురం. ఇల్లంతా నాదేనని దేనికదే అనుకుంటుంది. ఉన్న మెమరీ కంటే ఎక్కువే ఇస్తామని అన్నిటికీ అరచేతిలో వైకుంఠం చూపించారు మరి.

"అన్నీ ఒకేసారి అడిగితే?"

"అందుకే ఒక్కోదాంట్లో బెలూన్ అని చిన్న ప్రోగ్రాం పెడతాం. మెమరీకి కరువొస్తే అది లోపల ఉబ్బుతుంది. ఆ కంప్యూటరు తనకి అక్కర్లేనిది వదులుతుంది. అది పక్కదానికి పోతుంది."

అతను తిరగడం ఆపాడు. "అది ఊరికే మెమరీ తింటోందని ఎవరైనా తీసేస్తే?"

"తీసినవాడికి సుఖమే. ఆ బరువు పక్కవాడి మీద పడుతుంది. మిషను వాడి మెమరీ లాక్కుని, అందులో ఉన్నదంతా డిస్కులో పడేస్తుంది. అక్కణ్ణించి తీయాలంటే యుగాలు. స్కాన్లకి పట్టిన గతి అదే."

అతను కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు. చెల్లెలి మీద బెంగ అనుకుంది ఆమె. జాలేసింది.

అంతలో దొరికింది. అపాయింట్‌మెంట్ల కంప్యూటర్లో బెలూన్ లేదు. పొద్దున తొమ్మిదింటికి పీకేశారు. దాన్నే ఆపేద్దామంటే బయట హాలు నిండా రోగులు. బెలూన్ తీయాలన్నా, మళ్ళీ పెట్టాలన్నా పాస్‌వర్డ్ కావాలి. అది ఉన్నది, ఇంట్లో కూర్చుని పనిచేసే బయటి కంపెనీ మనిషి ఒక్కడి దగ్గరే. ఆమె అతని మొహం కూడా ఎరగదు. నంబరు మాత్రం గోడకి అంటించి ఉంది.

"వీడి పని చెప్తానుండండి," అంటూ ఆ నంబరు నొక్కింది.

వెనక కుర్చీలో, అన్నగారి చొక్కా జేబులో ఫోను మోగింది.