ప్రాయోపవేశానికి ఇంగ్లీషు

"సూసైడా?" అంది డాక్టరమ్మ, చేతిలోని సన్నటి గొట్టాన్ని పక్కన పెట్టకుండానే.

కోడలి చూపు ఆ గొట్టం మీదే ఉంది. ఒక్క మాట అటూ ఇటూ అయితే ఆ గొట్టం పెద్దాయన ముక్కులోంచి కడుపులోకి దిగిపోతుంది. పక్షవాతం వచ్చి ఆయన గొంతు మింగడం మరిచిపోయింది. ఆహారం వెళ్లడానికి ఇక అదొక్కటే దారి. అదీ వద్దంటే మనిషి ఎన్నాళ్లో ఉండడు.

"అయ్యో, కాదండీ. ప్రాయోపవేశం."

డాక్టరమ్మకు తెలుగు ముక్క రాదు. ఆసుపత్రి దుభాషి సోమవారానికి గానీ రాడట. దాంతో ఆ మాటకు ఇంగ్లీషు వెతికే పని కోడలి నెత్తిన పడింది. ఫాస్టింగ్ అందామంటే, రక్తపరీక్షకు ముందు ఊరంతా చేసేదే. హంగర్ స్ట్రైక్ అంటే ఎవరి మీద సమ్మె అని అడుగుతుంది. చివరికి ఉన్న ఇంగ్లీషంతా కూడదీసుకుంది.

"ఆత్మహత్య ఆవేశంలో చేసుకునేది. ఇది అలాంటిది కాదండీ. బాధ్యతలన్నీ తీరాక, అందరికీ చెప్పి, ప్రశాంతంగా అన్నం నీళ్లు మానేయడం. ఎవరి బలవంతమూ ఉండకూడదు. మాలో అదో పెద్ద వ్రతం."

"ఈయన బాధ్యతలు తీరాయా?"

"ఉన్న ఒక్క కొడుకూ, నా భర్త, పోయారు. ఇంకేం మిగిలాయండీ?"

ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది. భర్త పోయినప్పటి నుంచి మామగారిని ఎత్తడం, దించడం, కడగడం అన్నీ ఆమే. కంటి నిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తు లేదు.

డాక్టరమ్మ మెత్తబడింది. అయినా గట్టి ఘటమే.

"బలవంతం ఉండకూడదని మీరే అన్నారుగా. అయితే ఆయన నోటితోనే వినాలి. అడగండి."

కోడలు మంచం మీదికి వంగింది.

"మామయ్యా, డాక్టరుగారు అడుగుతున్నారు. గొట్టం పెట్టమంటారా, వద్దా?"

పెద్దాయన ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. ముద్దముద్దగా ఏదో అన్నాడు. అంత బలం ఆ చేతిలో ఇంకా ఉందని ఆమె అనుకోలేదు.

"ఏమన్నారు?" అంది డాక్టరమ్మ.

కోడలు కిటికీ వైపు చూసింది.

"తన పని అయిపోయిందట. వెళ్లనివ్వమంటున్నారు."

డాక్టరమ్మ కళ్లు చెమర్చాయి. గొట్టాన్ని ట్రేలో పడేసి, తీసుకెళ్లమని నర్సుకు సైగ చేసింది. కోడలి భుజం తట్టింది.

"మీ మామగారు గొప్ప మనిషమ్మా."

ట్రే తలుపు దాటుతుంటే పెద్దాయన దాని వంక చేయి చాచి, ఇందాక కోడలితో అన్న మాటే మళ్లీ అన్నాడు: "పెట్టించమ్మా, ఆకలికి ఉండలేకపోతున్నాను."